వాన లెక్క, వాగు వార్త

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు" అన్న సామెతను పట్టుకుని, మన పల్లె ప్రజానీకం ప్రకృతి ముందు చేతులు కట్టుకుని నిలబడిన అదృష్టవాదులని తేల్చివేసిన విమర్శకులు మనలో లేకపోలేదు. అభ్యుదయ దృష్టి వున్నవారు కూడా ఒక్కొక్కసారి ఈ పొరపాటు చేస్తుంటారు. ఆ సామెత ఏ నోట పుట్టిందో ఆ నోటనే "అశ్విని కురిస్తే అంతా నష్టం", "భరణి కురిస్తే ధరణి పండును", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు", "ఉత్తర చూచి ఎత్తర గంప" అన్నవీ పుట్టాయి. కెప్టెన్ కార్ అనే సైనికోద్యోగి 1868లో తెలుగు సామెతలను సంపుటంగా అచ్చువేసేనాటికే జనం నోట కార్తెల సామెతలు కుప్పలుగా వున్నాయి. వాన ఎవరికీ తెలియదని నమ్మి ఊరుకున్న జాతి ఇరవైయేడు కార్తెలకూ విడివిడిగా లెక్క కట్టుకోదు. తెలియదన్నది నిరాశతో అన్న మాట కాదు. లెక్క కట్టీ కట్టీ, ఆ లెక్క తప్పిన రోజున ఏమవుతుందో చూసినవారు అన్న మాట.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మిరప మెట్టల్లో ఈ లెక్కకు ఒక చరిత్ర వుంది. వానను ఎవరు కొలిచారు, ఎవరికోసం కొలిచారు, కొలిచిన సంగతి ఎవరికి చెప్పారు అన్నవే ఆ చరిత్రలోని ప్రశ్నలు. ముఖ్యంగా వేసవి వాన విషయంలో ఈ ప్రశ్నలు పదునెక్కుతాయి. శ్రావణ భాద్రపదాల్లో వాన వస్తుందని అందరూ సిద్ధంగానే వుంటారు. చైత్ర వైశాఖాల్లో వచ్చే గాలివానకు సిద్ధంగా వుండేవారు తక్కువ.

ముందుగా నేల సంగతి చెప్పుకోవాలి. పడమట నల్లమల, వినుకొండ, కొండవీటి కొండల వాలు, తూర్పున బాపట్ల, చీరాల వైపు ఇసుక దిబ్బలు, సముద్రం, నడుమ నల్లరేగడి. ఓగేరు, కుప్పగంజి, నక్కవాగు వంటివి పడమటి మెట్టలో పుట్టి, పల్లానికి దిగి, నల్లమడ వాగుగా కూడి బాపట్ల దిగువన సముద్రం చేరతాయి. దక్షిణాన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపి, మార్కాపురం, అద్దంకి సీమల మీదుగా ఒంగోలు దగ్గర కడలిలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ వాగుల్లో మోకాలి లోతు నీరైనా వుండదు. ఎడ్లబండి దిగి ఎక్కిన చోటనే ఇప్పుడు ట్రాక్టరు దిగి ఎక్కుతుంది. ప్రమాదమంతా ఆ ఎండు మొహంలోనే వుంది. కృష్ణ పొంగితే శ్రీశైలం నుంచి విజయవాడ దాకా రోజుల తరబడి వార్త ముందు నడుస్తుంది, నీరు వెనక వస్తుంది. వాగు అట్లా కాదు. పైన రెండు జాముల వాన కురిస్తే కింద మూడో జాముకు చప్టా మునుగుతుంది. కింది ఊళ్ళో అప్పటికి చుక్క పడి వుండకపోవచ్చు.

నల్లరేగడి స్వభావం దీనికి తోడు. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు గాని, రోళ్ళ కన్నా ముందు పగిలేది ఈ నేల. చెయ్యి దూరేంత నెర్రెలు. మొదటి వాన ఎంత పెద్దదైనా ఆ నెర్రెల్లోకి ఇంకిపోతుంది, వాగుకు చేరదు. నేల తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక మాత్రం అదే నేల తారు రోడ్డు లాంటిది. రెండో వానలో ఎక్కువ పాలు జారి వాగులో పడుతుంది. కనుక నిన్న పడినంత వానే నేడు పడినా, నిన్న రాని వరద నేడు వస్తుంది. ఒక లెక్క చూడండి. నూరు చదరపు కిలోమీటర్ల మెట్ట మీద నూరు మిల్లీమీటర్ల వాన పడితే అది కోటి ఘనపు మీటర్ల నీరు. అందులో సగం నేల తాగినా, తక్కిన సగం ఆరు గంటల్లో వాగులోకి దిగిందనుకుంటే సెకనుకు ఎనిమిది వేల ఘనపుటడుగుల పైచిలుకు. కొండవీటి వాగు ముంపును కృష్ణలోకి ఎత్తిపోయడానికి 2018లో ఉండవల్లి దగ్గర ప్రారంభించిన పంపుల సామర్థ్యం అయిదు వేలు. వేసవి గాలివాన అంటే ఏమిటో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఈ సంగతి మెట్ట రైతుకు అంకెలు లేకుండానే తెలుసు. ఆయన కొలత పదును. వాన ఎంత పడిందని అడిగితే దుక్కి పదును అంటాడు, విత్తనం పదును అంటాడు, లేదా గడ్డపార దించి చూసి జానెడు పదును అంటాడు. ఇది ఆకాశం నుంచి ఎంత పడిందో చెప్పే కొలత కాదు, నేల ఎంత తాగిందో చెప్పే కొలత. రెండో పదును నిండాక పడే వాన వాగుదేనని ఆ కొలతలోనే ఇమిడి వుంది. తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత అని వానకు మనవారు పెట్టిన పేర్లు కవిసమయాలు కావు. అవి తీవ్రత కొలతలు. ముసురు మూడు రోజులు పట్టినా వాగు దాటవచ్చు, కుండపోత గంటసేపు పడితే దాటకూడదు. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టడం, చీమలు గుడ్లు మోసుకుని మిట్టకెక్కడం వంటి గుర్తులన్నీ ఒకే విలువ గలవని నేననను. కొన్నిటిలో అనుభవం వుంది, కొన్నిటిలో ఊహ వుంది. అయితే పంచాంగం వాన లెక్కను వీటితో ఒకే గాట కట్టడం అన్యాయం. ఉగాదినాడు చెప్పే పంచాంగ శ్రవణంలో ఈ ఏడు ఇన్ని తూముల వర్షమనీ, అందులో ఇన్ని భాగాలు సముద్రంలో, ఇన్ని కొండల మీద, ఇన్ని నేల మీద అనీ వాటాలు వేస్తారు. వినుకొండకూ బాపట్లకూ ఒకే వాటా. పదును చూసినవాడికి పనే ప్రమాణం. పంచాంగకర్త గడ్డపార పట్టి ఎరుగడు. పల్లె జ్ఞానమంతా మూఢమని తోసేసేవారూ, అంతా ఋషిప్రోక్తమని నెత్తిన పెట్టుకునేవారూ ఈ రెంటినీ విడదీసి చూడకపోవడంలో ఒక్కటే.

ఇక రాజ్యం వానను ఎప్పుడు చూసింది? కౌటిల్యుని అర్థశాస్త్రంలో వాన కొలిచే కుండ ప్రసక్తి వుంది. మూర వెడల్పు గల ఆ కుండను పెట్టమన్నది కోష్ఠాగారంలో, అంటే రాజుగారి ధాన్యపు కొట్టు దగ్గర. జాంగల దేశానికి పదహారు ద్రోణాలు, అశ్మకానికి పదమూడున్నర అని లెక్కలు కూడా వున్నాయి. కుండ పొలంలో లేదు, వాగు గట్టున లేదు, ధాన్యపు కొట్టు దగ్గర వుంది. ఎంత పండుతుందో తెలిస్తే ఎంత పుచ్చుకోవచ్చునో తెలుస్తుంది. మన సీమకే వస్తే, చీరాలకు దక్షిణాన మోటుపల్లిలో గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనం చదవదగినది. తుఫానుకు దారి తప్పి, పగిలి, తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుని తక్కినది వర్తకులకే వదులుతున్నాననీ దాని సారాంశం. తుఫానును గురించి ఈ ప్రాంతపు రాజ్యం పలికిన పాత మాటల్లో ఇది ఒకటి. దయగల మాటే, కాదనను. ఆ దయ సరుకు మీద, సరుకు గలవారి మీద. అదే గాలివానకు మోటుపల్లి వెనక పల్లంలో ఎవరి గుడిసె ఎగిరిందో శాసనానికి ఎక్కలేదు. శాసనాలకు ఎక్కని సంగతులను వెదకడమే గదా ఇప్పుడు మన పని.

కంపెనీ కాలానికి వస్తే గుంటూరు సీమ వాన చరిత్ర మొదట కరువు చరిత్ర. 1832–33లో వచ్చిన డొక్కల కరువులో గుంటూరు జిల్లా అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల దాకా నశించారని సాధారణంగా చెప్పుకునే లెక్క. జనం చచ్చినప్పుడు కాదు, శిస్తు చచ్చినప్పుడు దొరలకు మెలకువ వచ్చింది. కృష్ణ మీద ఆనకట్ట ఆలోచన ఊపందుకున్నదీ అప్పుడే. 1852లో మొదలై 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. ఆ తరువాత తాలూకా కచేరీల ఆవరణల్లో వానమాపకాలు వెలిశాయి. పొద్దున్నే గుమాస్తా కొలిచి, అంగుళాలు రాసి, కలెక్టరుకు పంపాలి. కలెక్టరు బోర్డుకు పంపాలి. జమాబందీ నాడు వజా ఇవ్వాలా అక్కర్లేదా, కరువు మొదలైందా లేదా అన్న తగవులకు ఆ రిజిస్టరు సాక్ష్యం. అంటే వాన లెక్క శిస్తు లెక్కకు తోకగా పుట్టింది. పుట్టుక అట్లా వుండడంవల్ల ఆ లెక్క పనికిరానిదని కాదు. నూరేళ్ళకు పైబడిన ఆ వరుసలే నేటి శాస్త్రజ్ఞుల మూలధనం. అయితే దాని స్వభావం గమనించాలి. రోజుకు ఒక్కసారి కొలిచే కొలత అది. ఇరవైనాలుగు గంటల్లో నాలుగంగుళాలు పడిందని చెప్తుంది గాని, ఆ నాలుగంగుళాలు రాత్రంతా పడ్డాయో గంటన్నరలో పడ్డాయో చెప్పదు. శిస్తుకు ఆ తేడా అక్కర్లేదు. వాగు గట్టున కాపురముండేవాడికి కావలసింది ఆ తేడా ఒక్కటే. పైగా వందల చదరపు మైళ్ళ తాలూకాకు కచేరీ ఊరి వానే వాన. పల్నాడు కొండల్లో కురిసింది గురజాల గేజిలో పడకపోతే అది సర్కారు దృష్టిలో కురవనట్టే.

తుఫాను హెచ్చరికల పుట్టుక కూడా ఇట్లాంటిదే. 1864 అక్టోబరు 5న కలకత్తాలో, నవంబరు 1 రాత్రి బందరులో రెండు భయంకరమైన తుఫానులు వచ్చాయి. బందరులో సముద్రం ఊరి మీదికి వచ్చి ముప్ఫైవేల మంది దాకా పోయారు. అది అమెరికా అంతర్యుద్ధంవల్ల పత్తి ధర ఆకాశాన్నంటిన రోజులు. గుంటూరు నల్లరేగళ్ళ ఎర్రపొడ పత్తికి కాకినాడ రేవు పేరే పడి వ్యాపారంలో 'కొకనాడాలు' అని చలామణి అయింది. మరుసటి ఏడు, 1865లో, కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరిక ఏర్పాటు జరిగింది. తరువాత, మధ్యలో కరువులు కూడా తోడై, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. హెచ్చరిక మొదట రేవులకు, ఓడలకు. ఆ రోజుల ఆనవాలు ఇప్పటికీ మన వార్తల్లో వుంది. ఈనాటికీ తుఫాను వస్తే నిజాంపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరవేశారని మొదట చెప్తారు. ఓడ నడిపేవాడికి ఆ నంబరు అర్థమవుతుంది. నాదెండ్ల దగ్గర మిరప కళ్ళం మీద పడుకున్నవాడు దాన్ని ఏం చేసుకోవాలి?

ఇదే కాలంలో నేల మీద మరో మార్పు జరిగింది. నా ఉద్దేశంలో మన చరిత్రకారులు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. వాగులన్నీ పడమటినుంచి తూర్పుకు పారేవి. పంతొమ్మిదో శతాబ్దిలో వాటికి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా గట్లు లేచాయి. కొమ్మమూరు కాలువ, దాని కొసను పెదగంజాం దగ్గర అందుకునే బకింగ్‌హాం కాలువ ఒక వరుస. 1899లో పూర్తయిన బెజవాడ–మద్రాసు రైలు కట్ట రెండో వరుస. మద్రాసు–కలకత్తా రహదారి మూడోది. ఈ శతాబ్ది మొదట్లో అది నాలుగు వరుసలకు పెరిగి మరీ ఎత్తయింది. ప్రతి గట్టు కిందా తూములు పెట్టారు. ఎంత వెడల్పు పెట్టారన్నదే తగవు. ఉత్తర బెంగాలులో 1922 వరదలప్పుడు సహాయానికి వెళ్ళిన మేఘనాథ్ సాహా, రైలు కట్టలకు చాలినన్ని నీటిదారులు లేకపోవడమే ముంపును పెంచిందని ఎత్తిచూపాడు. ఆ వరదల మీద ప్రభుత్వం కోసం మహలనోబిస్ 1870 నుంచి 1922 వరకు వాన లెక్కలన్నీ తిరగేసి నివేదిక రాశాడు. శిస్తు కోసం పుట్టిన లెక్క ఒక శాస్త్రజ్ఞుడి చేతిలో పడి పాలకులనే ప్రశ్నించే సాధనమైన సందర్భమది. మన కృష్ణా మండలంలో ఆ పని ఆలస్యంగా జరిగింది. 1960లలో మిత్ర కమిటీ డెల్టా మురుగు కాలువలను పరిశీలించి వెడల్పు చేయమన్నది. దానికి రైతుల దగ్గర పన్ను వసూలు చేయడానికి 1968లో చట్టమూ వచ్చింది. ఎగువన 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదిలారు. మెట్ట మాగాణి అయింది, జొన్న పోయి పత్తి, మిరప వచ్చాయి. వాగుకు అడ్డంగా ఇంకో కాలువ కట్ట కూడా వచ్చింది.

దీని ఫలితం పల్లె జ్ఞానం మీద పడింది. ఫలానా చింతచెట్టు మొదలు తడిస్తే మాలపల్లిలోకి నీళ్ళొస్తాయి, ఫలానా బండ మునిగితే గొడ్లను విప్పాలి అన్న గుర్తులు పాత నేలకు పనికివచ్చినవి. కట్టలు లేచాక నీరు చింతచెట్టు వైపు రాకుండా ఎదురు తన్ని ఎన్నడూ మునగని వీధిలోకి వచ్చింది. ముసలివాళ్ళకు మతి పోయిందని కుర్రవాళ్ళు నవ్వారు. మతి పోలేదు, నేల మారింది.

సామెతలకు కూడా ఇదే గతి పట్టింది. భరణి కురిస్తే ధరణి పండునన్నది జొన్న, సజ్జ పండించే రోజుల మాట. వైశాఖంలో ఒక పదును పడితే వేసవి దుక్కి అయి, కలుపు చచ్చి, నేల గుల్లబారుతుంది. ఇప్పుడు కూడా పత్తి వేయబోయే చేనుకు ఆ వాన మంచిదే. కాని జనవరినుంచి ఏప్రిల్ దాకా కోసిన మిరపకాయ కళ్ళం మీద ఎర్రగా పరిచి వుంటుంది. పది పదిహేను రోజులు ఎండితేగాని టిక్కీ కట్టడానికి రాదు. ఆ సమయంలో భరణి కురిస్తే కాయకు బూజు పడుతుంది, రంగు పోయి తాలు అవుతుంది, గుంటూరు యార్డులో ధర సగానికి పడుతుంది. ఒకే వాన గట్టుకు ఈ పక్క మేలు, ఆ పక్క నాశనం. అప్పు తెచ్చి పండించే పంట వచ్చాక వాన అర్థమే తిరగబడింది. 2023 మార్చిలోనూ, మళ్ళీ ఏప్రిల్ చివర మే మొదట్లోనూ పడిన అకాల వర్షాలకు కళ్ళాల మీద ఎంత కాయ తడిసిందో ఆ వేసవిలో పల్నాడు రోడ్ల వెంబడి పోయిన ఎవరికైనా కనిపించింది. కోల్డ్ స్టోరేజిలో ముందే నిలవ పెట్టుకున్న ఆసామికి ఆ వానవల్ల ధర పెరిగింది కూడా. ఇది ఆయన దుర్మార్గమని నేననను. మార్కెటు అనేది అట్లా పనిచేస్తుంది.

వేసవి తుఫానుల వరుస చూడండి. 1969 మేలో కృష్ణా, గుంటూరు ప్రాంతాలను ముంచినది ఆరువందల పైచిలుకు ప్రాణాలు తీసింది. 1979 మే 12న మరొకటి ఒంగోలు సమీపంలో తీరం దాటింది. అప్పుడు ఏడు వందల ప్రాంతం. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర దాటినది అన్నిటికన్నా పెద్దది, చనిపోయినవారు తొమ్మిది వందల అరవై ఏడు మందని అధికారిక లెక్క. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది. నేనప్పుడు డిగ్రీ విద్యార్థిని. దాటిన తరువాత కదలకుండా నిలిచి అది కురిసిన వాన, ఒంగోలు పల్లపు వీధుల్లో, అద్దంకి వైపు గుండ్లకమ్మ వెంట పారిన నీరు నాకు బాగా జ్ఞాపకం. 1977 నవంబరు ఉప్పెనలో అధికారికంగానే పదివేల పైన పోయారు. అది వేసవిది కాదు గనుక దాని కథ ఇక్కడ విప్పను గాని, దానికీ 1990కీ వున్న తేడా చెప్పి తీరాలి. గాలి ఇంచుమించు అంతే, చావులు పదో వంతు. నడుమ మచిలీపట్నంలో రాడారు వచ్చింది, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి, అన్నిటికన్నా మిన్నగా జనాన్ని ముందే లేపి తరలించే పని వచ్చింది. వాతావరణ శాఖకు ఒకప్పుడు అధిపతిగా పనిచేసిన పంచేటి కోటేశ్వరం తెలుగువాడని మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? శాస్త్రం ప్రజల ప్రాణాలు కాపాడిందనడానికి ఇంతకన్నా తార్కాణం అక్కర్లేదు.

అయితే ఆ విజయం తీరానిది. తీరానికి ఇరవై ముప్ఫై మైళ్ళ లోపల వాగుల దారి వేరు. అక్కడ హెచ్చరిక ఈనాటికీ ఎక్కువగా ఇరుగుపొరుగు పనే.

పూర్వం ఆ పని ఎట్లా జరిగేదో పెద్దలను అడిగి తెలుసుకున్నాను. చెరువున్న ఊళ్ళో నీరుగంటి రాత్రి కట్ట మీద లాంతరుతో తిరిగేవాడు. అలుగు పారడం మొదలైతే కేక వేసేవాడు. చెరువు లేని మెట్ట ఊళ్ళో వాగు రొద విన్న మొదటి మనిషి తలారికి చెప్తే, డప్పు వేయించేవారు. డప్పు వేసేవాడు పల్లెవాడు. ఊరంతా తిరిగి చెప్పి, ఆఖరున తన గుడిసెకు పోయేసరికి అది మునిగి వుండేది. పల్లెను ఎప్పుడూ ఊరికి పల్లపు దిక్కున, వాగు వైపున పెట్టడం మన గ్రామ నిర్మాణ శాస్త్రం గదా. 1922లో పెదనందిపాడు ఫిర్కా పన్ను నిరాకరణ జరిపినప్పుడు ఈ నల్లరేగడి పల్లెలే గ్రామోద్యోగుల ప్రమేయం లేకుండా శాంతిసేనతో తమ కట్టుబాటు తాము నడుపుకున్నాయి. అట్లాంటి నిర్మాణం వాగు విషయంలో ఎన్నడూ స్థిరపడలేదు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. కావలసిన పనే, వాళ్ళ పెత్తనానికి విచారించేవారు లేరు. మరుసటేడు మండలాలు వచ్చి, వానమాపకం తాలూకా కచేరీనుంచి మండలానికి దిగింది. అది ఒక మెట్టు ముందుకే.

ఇప్పుడు డప్పు స్థానంలో ఫోను వచ్చింది. పై ఊళ్ళో కుండపోత పడగానే, "బావా, మా చప్టా మునిగింది, గొడ్లను విప్పుకో, మోటారు పైకి తీసుకో" అని కింది ఊరికి కబురు వస్తుంది. ఏ శాఖా పంపించే సందేశం కన్నా ఇది నిక్కమైనది. చెప్పేవాడు కళ్ళతో చూసి చెప్తున్నాడు, వినేవాడికి ఆ చప్టా ఎత్తు తెలుసు, నీరు తన దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు. మా కళాశాలకు ఆ వాగుల వెంట ఊళ్ళనుంచి వచ్చే పిల్లలను, మీ ఇంటికి ఎవరు ఫోను చేస్తారని అడిగి చూశాను. మేనమామ, పెద్దక్క, మా నాన్నకు వియ్యంకుడు, మా బాబాయి అత్తగారి ఊరు. వరుసగా అన్నీ చుట్టరికాలే. ఇందులో వింత లేదు. పై ఊరికీ కింది ఊరికీ వున్న సంబంధాలు పిల్లనిచ్చి పుచ్చుకున్న సంబంధాలే. కాని పిల్లనిచ్చి పుచ్చుకోవడం కులంలోనే జరిగే దేశంలో, వార్త కూడా కులం వెంటే పారుతుంది. వాగు కులం చూడదు. వాగు కబురు చూస్తుంది. కాలనీ పిల్లలకు కబురు రాదని కాదు, వాళ్ళ చుట్టాలు వాళ్ళకూ చెప్తారు. కాని పై ఊళ్ళో మిట్టన మోటారు షెడ్డు దగ్గర పడుకుని వాగును చూసే మనిషి భూమిగల మనిషి. ఆయన కబురు ముందు ఆయన వాళ్ళకు పోతుంది. అక్కడనుంచి కాలనీకి చేరడానికి ఒక ఇల్లు దాటాలి, ఒక వీధి దాటాలి. ఆరు గంటల వరదలో అరగంట చాలా పెద్దది.

ఇంకా కిందివారు వున్నారు. మురుగు కాలువల కట్టల మీద గుడిసెలు వేసుకున్న యానాదులకు పై ఊళ్ళతో ఏ వియ్యమూ లేదు. మిరపకోతలకు కర్నూలు వైపునుంచి కుటుంబాలతో వచ్చి చేల పక్కన పరదాలు కట్టుకుని వుండే కూలీలు ఈ నేలకే కొత్త. వాళ్ళ ఫోనుల్లో వున్న నంబర్లు ఆదోని, ఎమ్మిగనూరు వైపువి. అక్కడ ఎండ కాస్తుంటుంది. వాళ్ళు దిగినది తరచు వాగు పక్కనే, నీళ్ళ సౌకర్యమని. మేస్త్రీ చెప్తే తెలుస్తుంది, లేకపోతే పరదా తడిసినప్పుడు తెలుస్తుంది. కౌలు రైతు సంగతి వేరొక రకం. ఆయనకు కబురు అందుతుంది. ఉరుము వినిపిస్తున్నది, సందేశం చేతిలో వుంది, కళ్ళం మీద కాయ వుంది, కప్పడానికి పట్టాలు చాలవు. పట్టాలు బాడుగకు ఇచ్చేవాడు ఆ సాయంత్రానికి ధర పెంచుతాడు. తెలుసుకోవడం వేరు, తెలిసి చేయగలగడం వేరు. రెండోది మళ్ళీ ఆస్తి సంగతే.

సర్కారు చేతిలో సాధనాలు లేవని ఈనాడు అనలేము. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని హద్దులు వున్నాయి. పసుపు, నారింజ, ఎరుపు రంగులు వున్నాయి. 2020 అక్టోబరులో వాతావరణ శాఖ దక్షిణాసియా దేశాల కోసం ఆకస్మిక వరదల సూచన వ్యవస్థను ప్రారంభించింది. నాలుగు కిలోమీటర్ల గడుల చొప్పున, నేలలోని తేమను కూడా లెక్కలోకి తీసుకుని, ఆరు గంటల ముందు ముప్పు చెప్పగలదు. గమనించండి, నేలలోని తేమ! నూట యాభై ఏళ్ళు ఆకాశాన్ని మాత్రమే కొలిచిన శాస్త్రం చివరకు పదును దగ్గరికి వచ్చింది. ఇది సంతోషించవలసిన సంగతి. కాని ఆ వ్యవస్థ నోట వెలువడేది జిల్లా పేరు, మహా అయితే మండలం పేరు. గుండ్లకమ్మ జలాశయానికి 2022లో ఒక గేటూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తరువాత మరొక గేటూ కొట్టుకుపోయాయి. గేటు బలమెంతో ఏ ఉపగ్రహమూ చెప్పదు. తుప్పు పట్టిన గేటు సంగతి దిగువ ఊళ్ళవారికి ముందే తెలుసు, వాళ్ళను అడిగేవారు లేరు.

2019 అక్టోబరునుంచి ఊరూరా గ్రామ సచివాలయాలున్నాయి. వాటిలో రేషను కార్డుల లెక్క వుంది, పింఛనుల లెక్క వుంది, పంట నమోదు వుంది. ఎగువ చప్టా ఎన్ని అడుగుల దగ్గర మునిగితే కాలనీలోకి ఎంతసేపటికి నీరు వస్తుంది, ఆ కాలనీలో ముందుగా ఎవరికి చెప్పాలి, ఈ వేసవిలో వాగు పక్కన దిగిన కోతల కూలీలు ఎన్ని కుటుంబాలు అన్న రిజిస్టరు నేను అడిగిన ఊళ్ళలో లేదు. పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా లేదు. వంతెన స్తంభం మీద రంగుతో గీసిన అడుగుల గుర్తులు, పై ఊరి నంబరు ఒకటి, కింది ఊరి కాలనీ నంబరు ఒకటి చాలు. నరసరావుపేట దారిలో ఒక చప్టా పక్క గోడ మీద ఎవరో బొగ్గుతో గీసిన గీతలు రెండు చూశాను. పైదాని పక్కన ఏడాది రాసి వుంది. కిందిదాని పక్కన ఏమీ లేదు. ఆ పై వేసవికి పోయేసరికి పంచాయతీ ఎన్నికల గోడరాతల కోసం ఆ గోడకు సున్నం కొట్టి వుంది.